వాకిట లాజరు, వాకిట కుక్క



"నాన్నా, మనమూ ఒక కుక్కపిల్లను పెంచుకుందాం" అని పిల్లలు అడగని ఇల్లు మన విచారణలలో అరుదు. ఒక ఇంట్లో నాయనమ్మ వద్దంటుంది. ఒక ఇంట్లో అమ్మ ఖర్చు లెక్క చెబుతుంది. మరొక ఇంట్లో వేలు పోసి జాతి కుక్కపిల్లను కొంటారు. అది పెరిగి, ముసలిదై, జబ్బుపడితే చీకటి పడ్డాక ఊరి చివర వదిలేసి వస్తారు. ఆకలిదప్పులకు అలా వదిలేయటం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టానికి దొరకకపోవచ్చు, సృష్టికర్తకు జవాబు చెప్పవద్దా?

అలా దిక్కులేనివాటిని, బండి కింద పడి కాలు విరిగినవాటిని తెచ్చి, కట్టుకట్టి, టీకాలు వేసి కాపాడే సంస్థలు మన మధ్య ఉన్నాయి. హైదరాబాదులో అక్కినేని అమలగారు 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ అలాంటిదే. ఒక కుటుంబం అక్కడి నుండి ఒక కుక్కను దత్తత తీసుకుంటే, రోడ్డున పడి ఉన్న మరొకదానికి చోటు దొరుకుతుంది.

మంచి సమరయుని తలచుకోండి. అతడు గాయాలు కట్టి ఊరుకోలేదు. సత్రానికి చేర్చాడు, ఖర్చు ఇచ్చాడు, మళ్ళీ వస్తానని మాట ఇచ్చాడు. మనిషి విలువ వేరు, మూగజీవి విలువ వేరు. కాని కనికరపు దారి ఒక్కటే. అది ఆ పూట జాలితో ముగియదు. కుక్క పది పదిహేనేళ్ళు బ్రతుకుతుంది. దెబ్బలు తిన్న కుక్క మొదట్లో మూలన నక్కుతుంది, ఎత్తిన చేతిని చూసి వణుకుతుంది. దానికి ఓపిక కావాలి. కనుక తీసుకునే ముందు ఇంటిల్లిపాది కూర్చొని మాట్లాడుకోండి: అన్నం ఎవరు పెడతారు? ఏటేటా రేబిస్ టీకా ఎవరు వేయిస్తారు? గుణదల తిరునాళ్ళకు వెళితే ఎవరు చూస్తారు? జవాబు లేకపోతే ఇప్పుడు తీసుకోకండి. అదీ దయే.

మన బైబులులోని తోబీతు గ్రంథంలో యువకుడైన తోబియా దూరప్రయాణానికి బయలుదేరినపుడు రఫాయేలు దేవదూతతోపాటు ఒక కుక్క కూడా వెంట నడిచింది. దేవదూత దానిని తరిమివేయలేదు.

అయితే రెండవ మాట కూడా వినాలి. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం జంతువులను అకారణంగా బాధపెట్టటం మానవ గౌరవానికి తగదని బోధిస్తుంది. అదే చోట, మనుషుల కష్టం తీర్చటానికి ముందుగా వెళ్ళవలసిన సొమ్మును వాటిపై వెచ్చించటమూ తగదంటుంది. వాటిని ప్రేమించవచ్చు, కాని మనిషికి చెందవలసిన ప్రేమను వాటికి మళ్ళించరాదు.

ఇక లూకా సువార్త 16వ అధ్యాయం చూడండి. ధనవంతుని వాకిట లాజరు పడి ఉన్నాడు. కుక్కలు వచ్చి అతని పుండ్లు నాకాయి. లోపలి మనిషి గడప దాటలేదు. మన ఇంట్లో కుక్కకు పాలు పోసి, అంట్లు తోమే అమ్మకు మిగిలిన టీ కూడా ఇవ్వకపోతే, మనం ఆ ధనవంతుని పక్షానే ఉన్నాం. కుక్కను రాళ్ళతో కొట్టే పిల్లవాణ్ణి చూసి నవ్వి ఊరుకుంటే, ఆ పిల్లవాడు రేపు లాజరును కూడా చూడలేడు. మూగజీవి బాధను గుర్తించటం నేర్చిన కన్ను, నోరున్న పేదవాని బాధను ఇంకా త్వరగా గుర్తించాలి. అలా గుర్తించిన ఇంట్లోనే దత్తత సార్థకం.

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత రెండు విషయాలు మాట్లాడుకోండి: మన వాకిట ఉన్న లాజరు ఎవరు? మన ఇంట్లో ఒక అనాథ జీవికి చోటు ఉందా? మొదటిదానికి జవాబు దొరికితే, రెండవది తేలికవుతుంది.

సృష్టినంతటినీ సోదరభావంతో చూచిన పునీత ఫ్రాన్సిస్ అస్సీసివారు మన కుటుంబాల కొరకు ప్రార్థించుదురు గాక. ఆమెన్.