ఒడంబడికలో లేని చేయి

నీటిలోనికి తన ఇష్టముచే దిగినవానిని నీటినుండి వెలికితీయుట ఎవరి ధర్మము? వల వేయుచు మునిగిన పల్లెకారుని గూర్చి ఈ ప్రశ్న ఎవరును వేయరు. వరదలో దిబ్బపై చిక్కుకొన్న లంకవాసిని గూర్చియు వేయరు. వీపునకు గాలిసిలిండరు కట్టుకొని, రుసుము చెల్లించి, సముద్రగర్భమున మత్స్యసంచారమును చూడబోయిన విహారి ఆపద పాలైనపుడు మాత్రము, "ఎవడు దిగమన్నాడు?" అను మాట మన నోటికి అప్రయత్నముగా వచ్చును. గోదావరి బురదనీటిలో స్కూబా వినోదమునకు చోటు లేదు గాని, ఋషికొండకును అండమాను దీవులకును పోయి ఆ ముచ్చట తీర్చుకొని వచ్చు యువకులకు కాకినాడలోను రాజమహేంద్రవరములోను నేడు కొదువ లేదు. కనుక ఈ విచారము మనకు పరాయిది కాదు.

ఆపద యొక్క స్వరూపమును ముందు తెలిసికొనవలెను. సముద్రమున పది మీటర్ల లోతునకు ఒక వాతావరణపీడనము చొప్పున ఒత్తిడి హెచ్చుచుండును. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలియందలి నత్రజని రక్తమాంసములలో కరగి నిలుచును. దిగినవాడు అంచెలంచెలుగా, మెల్లగా పైకి వచ్చెనేని అది ఊపిరి వెంట వెడలిపోవును. బెదరియో, గాలి చాలకయో ఒక్క ఉదుటున పైకి లేచెనేని, మూత తీసిన రామచంద్రపురపు ఆర్టోసు సోడాసీసాలో వలె దేహమునందే బుడగలు పుట్టి, కీళ్లను, వెన్నుపామును, ఒక్కొక్కప్పుడు మెదడును పీడించును. ఈ నత్రజని మర్మమును పాల్ బేర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1878లో గ్రంథస్థము చేసెను. దీనికి చికిత్స శుద్ధమైన ఆమ్లజని నిచ్చుట, తరువాత పీడనము హెచ్చించిన ఉక్కుగదిలో గంటలతరబడి రోగిని ఉంచుట. అట్టి గదులు ఊరూర నుండవు గనుక అక్కడికి చేర్చుటయే సగము వైద్యము. చేర్చుటయందును ఒక చిక్కు కలదు. విమానము పైకి లేచిన కొలది లోపలి పీడనము తగ్గి బుడగలు పెరుగును. కావున లోపలి పీడనమును సముద్రమట్టమునకు సమముగా నిలుపగల విమానమో, మిక్కిలి తక్కువ ఎత్తున ఎగురు హెలికాప్టరో కావలెను. ఏ బాధయు లేని డైవరు సైతము ఒకమారు దిగినపిదప 12 గంటలు, పలుమార్లు దిగినచో 18 గంటలు గడచువరకు విమానమెక్కరాదని నిపుణుల హెచ్చరిక.

ఇట్టి ప్రయాణమునకగు వ్యయము సామాన్యగృహస్థు మోయగలిగినది కాదు. ఆ భారమును పదిమందిపై పరచుటకే డైవర్ల బీమా ఏర్పడినది. 1980లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున పీటర్ బెన్నెట్ నెలకొల్పిన సంస్థ, నేటి డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, ఆపత్సమయమున టెలిఫోనులో వైద్యసలహా చెప్పుటకు పుట్టి, కాలక్రమమున బీమాను కూడ సమకూర్చసాగెను. ఇట్టి పాలసీలను చదువువాడు చికిత్స, తరలింపు, గాలింపు అను మూడు పద్దులను కలగాపులగము చేసికొనరాదు. తరలింపు అనగా దెబ్బతిన్నవానిని తగిన వైద్యము దొరకు సమీపస్థలమునకు చేర్చుట. వాడు కోరిన నగరమునకో, స్వగ్రామమునకో చేర్చుట యని తలచి మోసపోవువారు కలరు. అదియు సంస్థవారి సహాయకేంద్రమునకు ముందు తెలిపి, వారి అనుమతితో, సాధారణముగా వారు కుదిర్చిన వాహనముననే జరుగవలెను. బంధువులు కంగారుపడి తామే విమానమును మాట్లాడుకొన్నచో ఆ సొమ్ము తిరిగి రాకపోవచ్చును. యోగ్యతాపత్రము అనుమతించిన లోతును మీరి దిగినవానికి మొదటికే మోసము వచ్చుటయు కలదు. ఇక నీటిలో తప్పిపోయినవానిని వెదకి ఒడ్డు చేర్చుట తరలింపులో చేరదు. అది గాలింపు అను వేరు పద్దు. కొన్ని పాలసీలలో నుండును, కొన్నింట ఉండనే ఉండదు. అనగా ఈ ఒడంబడిక యంతయు, ఎవడో ఒకడు అప్పటికే చేయి చాచి వీనిని పైకి లాగియున్నాడను నమ్మకముమీద నడచుచున్నది. ఆ చేయి ఎవరిదో, దానికి ఏమి చెల్లునో కాగితము చెప్పదు.

బీమా చేయించుట దైవముపై అపనమ్మకమని తలచు పెద్దలు మన ఊళ్లలో నిన్నమొన్నటివరకు ఉండిరి. ప్రయాణము కట్టుచు అపాయమును తలచుట అశుభమని వారి భావము. కాని మన ధర్మశాస్త్రకర్తలు అంత సుకుమారులు కారు. అప్పు తీసికొని అడవిదారుల వ్యాపారమునకు పోవువాడు నెలకు నూటికి పది చొప్పునను, సముద్రముమీద పోవువాడు ఇరువది చొప్పునను వడ్డి ఇయ్యవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. అసలే మునిగిపోవు భయము కలదు గనుక ఆ హెచ్చు వడ్డి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన వ్యాఖ్యనే పదుమూడవ శతాబ్దిలో కేతన తెనిగించెను. మనువు ఇంకను నిక్కచ్చి మనిషి: నావికుల తప్పువలన నావలో చెడిన వస్తువునకు నావికులు తలా కొంత వేసికొని చెల్లింపవలెను, దైవికముగా వచ్చిన నష్టమునకు మాత్రము వారికి దండన లేదు. సిబ్బంది చాలకయో, పనిముట్లు లేకయో, మరమ్మతు చేయింపకయో నావ చెడినచో ఆ నష్టమును నావధ్యక్షుడే భరింపవలెనని కౌటిల్యుని శాసనము. దైవమును మనకంటె గాఢముగా నమ్మినవారే, మానవుని అజాగ్రత్తను దైవము నెత్తిన రుద్దుటకు ఒప్పుకొనలేదు.

ఇక కాగితము చెప్పని ఆ చేయి మాటకు వచ్చెదము. 2019 సెప్టెంబరు 15, ఆదివారము. గండిపోచమ్మ గుడి యొద్దనుండి పాపికొండలకు విహారయాత్రికులతో బయలుదేరిన రాయల్ వశిష్ఠ పున్నమి అను లాంచీ, దేవీపట్నము మండలమున కచ్చులూరు యొద్ద వరదగోదావరిలో బోల్తాపడెను. ఎక్కినవారు 77 మంది యనియు, బ్రదికి బయటపడినవారు 26 మంది యనియు తరువాత లెక్క తేలినది. ఆ బ్రదికినవారిని నీటినుండి ఎక్కించుకొన్నవారు ఆ ఒడ్డున నివసించు ఏజెన్సీ గ్రామస్థులు. నాటుపడవలు త్రోసికొని వచ్చినవారు. ఆ వడిలో నాటుపడవ అంచుమీద ఒకవైపు బరువు పడిన చాలును, లాగువాడును నీటిపాలగును. మునుగువాని చేయి అందినదానినెల్ల పట్టును: తెడ్డునైన పట్టును, తెడ్డు వేయువాని మెడనైన పట్టును. ఏటియొడ్డున పుట్టినవానికి ఇది ఒకరు చెప్పవలసినది కాదు. తెలిసియే వారు పోయిరి. ప్రభుత్వము మృతుల కుటుంబములకు పదేసి లక్షల రూపాయలు ప్రకటించెను. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందము అక్టోబరు 22న లాంచీని గట్టునకు లాగెను. ఈ రెండింటికిని పద్దులు కలవు. ఆ నాటుపడవలకు ఏ పద్దు వ్రాయవలెను?

కర్మసిద్ధాంతమును పైపైన చదివినవాడొకడు ఇచ్చట అడ్డు తగులవచ్చును: "మునిగినవాని కర్మ వానిని ముంచినది, మధ్యను నీవెవడవు?" ఇది వినుటకు గంభీరముగానున్నను సోమరుల వేదాంతమే. పరుని ఆయుర్దాయపు చిట్టా నాకెవరును చూపలేదు. వాడు నా కన్నులయెదుట మునుగుచున్నాడనునది మాత్రము నా అనుభవములోనికి వచ్చిన నా కర్మ. వాని కర్మను నేను విచారింపబూనుట అధికారము లేని పని, నా కర్మను విడిచిపెట్టుట దోషము. పోతన భాగవతములోని గజేంద్రుని కథ మనము ఎన్నిమార్లు వినలేదు! ఆ ఏనుగు మడుగులో దిగి దప్పిక తీరుటతో ఆగలేదు. కరిణులతోగూడి జలక్రీడకు తొడగెను. నేటి బీమావారి లెక్కలో అది వినోదక్రీడయే. మొసలి పట్టినపిదపను చిరకాలము తన బలమునే నమ్ముకొని, శక్తి యుడిగినపుడుగాని మొర పెట్టలేదు. విష్ణువు లక్ష్మితోనైన చెప్పక, శంఖచక్రములనైన కైకొనక పరుగున వచ్చెను; ఏల దిగితివని అడిగినట్లు ఆ కథలో నెచ్చటను లేదు. దీనినిబట్టి దిగువాడు విచ్చలవిడిగా దిగవచ్చునని అర్థము తీయరాదు. ఆ పోతన కథ వెలికితీయువానికి. దిగువానికి మనువు మాటయే తగినది. ధనముచే తీరు భారమును ధనముచే తీర్చుటకు ముందే ఏర్పాటు చేసికొని, పడవలో ఆమ్లజని సీసా కలదో లేదో చూచి, సహాయకేంద్రపు నెంబరు తోడివారికి చెప్పి దిగుట, ముక్కుమొగము తెలియని రక్షకునిపట్ల వాడు చూపదగిన మర్యాద. అట్టి బీమా దైవధిక్కారము కాజాలదు.

అయితే ఒకచోట నాకు బీమాశాస్త్రముతో తగవు కలదు. కచ్చులూరు ఘోరము జరిగిన నెలలోనే, సెప్టెంబరు 27వ తేదీన, బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ ఆరోగ్యబీమాలోని మినహాయింపుల భాషను దేశమంతటికిని ఒక్కటిగా కుదిర్చెను. అందు తొమ్మిదవ మినహాయింపు ప్రకారము పర్వతారోహణము, రాఫ్టింగు, స్కూబా, లోతుసముద్రపు డైవింగు మొదలగు సాహసక్రీడలలో వృత్తిగా పాల్గొన్నందున కలిగిన చికిత్సావ్యయమునకు సామాన్యపు పాలసీ బాధ్యత వహింపదు. సరదాకు ఒకనాడు దిగినవాడు ఆ వాక్యమున చిక్కుకొనడు; వానిని చేయిపట్టి దింపి, దినమునకు పలుమార్లు మునిగి లేచి, అవసరమైనచో వానిని పైకి తెచ్చు శిక్షకుడు చిక్కుకొనును. ఆపదకు ఎక్కువ చేరువైనవాడు రక్షణకు ఎక్కువ దూరమగుట లెక్కలవారికి న్యాయముగా తోచవచ్చును గాని ధర్మదృష్టికి ఎట్లు తోచును? 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము, ఒత్తిడి హెచ్చిన గాలిలో పనిచేయుటవలన వచ్చు వ్యాధులను వృత్తివ్యాధులుగా గుర్తించినమాట నిజమే. కాని ఆ పరిహారము కోరుటకు యజమాని యనువాడొకడు ఉండవలెను. కుదిరిన పనికి వచ్చి, పని కాగానే ఇంటికి పోవు డైవరునకు యజమాని ఎవడు?

కచ్చులూరులో లాంచీకి త్రాళ్లు బిగించుటకై విశాఖపట్టణమునుండి వచ్చిన డైవర్లు ఆ బురదనీటిలో తడుముకొనుచు దిగిరి. వారి పని క్రీడ కాదు, విహారము అసలే కాదు. ఇతరుల మృతదేహములను వారి బంధువులకు అందించుటకై దిగిరి. ఇకమీదట ఏ జిల్లా అధికారులైనను అట్టివారిని పిలుచునపుడు, వారిలో నొకనికి దేహమున బుడగలు పుట్టినచో వానిని ఏ వాహనమున, ఏ ఉక్కుగదికి, ఎవరి వ్యయముతో తరలింతురో కూలి కుదుర్చుకొన్న కాగితముమీదనే వ్రాసి, వారు నీటిలో కాలు పెట్టుటకు ముందు ఆ ప్రతిని వారి చేతికీయవలెను.