పేరు – పరిధి – బాధ్యత: లెస్బియన్ అస్తిత్వంలో బహుజెండర్ ఆకర్షణ

ప్రస్తావన

ఒక స్త్రీ తనను లెస్బియన్‌గా చెప్పుకొంటుంది. ఆమె అనురాగం ప్రధానంగా స్త్రీల పట్లనే. అయినా నాన్‌బైనరీ వ్యక్తుల పట్ల, అరుదుగా పురుషుల పట్ల కూడా ఆమెకు ఆకర్షణ కలుగుతుంది. ఆమె ఎంచుకొన్న పేరు సరైనదేనా? పైకి ఇది పదార్థ నిర్ణయానికి సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది. నిజానికిది నైతిక ప్రశ్న. ఒకరి అస్తిత్వానికి పేరు పెట్టే అధికారం ఎవరిది? అదే పేరును పంచుకొంటున్న ఇతరుల పట్ల ఆ వ్యక్తికి గల బాధ్యత ఏమిటి? అమెరికాలోని లెస్బియన్ స్త్రీవాద చరిత్ర ఆధారంగా ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పదం – చారిత్రక పరిణామం

'లెస్బియన్' అన్న మాటకు మూలం గ్రీకు ద్వీపమైన లెస్‌బోస్. స్త్రీల పట్ల ప్రేమను గానం చేసిన ప్రాచీన కవయిత్రి శాఫో ఆ ద్వీపానికి చెందినది. ఆమె వివాహ గీతాలను కూడా రచించింది. ఫావోన్ అనే పురుషుని ఆమె ప్రేమించిందన్న కథ ఐతిహ్యమే కావచ్చు. కాని ఈ పదం వెనుక నిలిచిన వ్యక్తి స్మృతిలోనే ఏకరూపత లేదన్నది గమనార్హం.

1970లో న్యూయార్క్‌లో 'రాడికలెస్బియన్స్' బృందం వెలువరించిన 'ద ఉమన్ ఐడెంటిఫైడ్ ఉమన్' అన్న ప్రకటన ఈ పదానికి రాజకీయార్థాన్ని కల్పించింది. స్త్రీ తన శక్తిని, నిబద్ధతను స్త్రీలకే అంకితం చేయడం అందులో ప్రధానాంశమైంది. 1980లో ఏడ్రియన్ రిచ్ తన ప్రసిద్ధ వ్యాసంలో స్త్రీపురుష సంబంధం సహజమైన ఎంపిక కాదనీ, వ్యవస్థ నిర్బంధంగా అమలుచేసే నియమమనీ వాదించారు. రిచ్ 1953లో వివాహం చేసుకొన్నారు. ముగ్గురు కుమారులకు తల్లి. తరువాతి కాలంలో రచయిత్రి మిషెల్ క్లిఫ్‌తో కలిసి జీవించారు. పూర్వ వివాహం లెస్బియన్ అస్తిత్వాన్ని రద్దు చేయదని ఆమె జీవితం కూడా తెలుపుతుంది. అయితే ఆమె ప్రతిపాదించిన 'లెస్బియన్ కంటిన్యుయమ్' స్త్రీల మైత్రినంతటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చి, లైంగిక కాంక్షను పలుచన చేసిందన్న విమర్శ కూడా వచ్చింది.

పేరు రాజకీయార్థాన్ని సంతరించుకొన్న కొద్దీ సరిహద్దు కాపలా పెరిగింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్తాంప్టన్‌లో 1989 నాటి ప్రైడ్ ఊరేగింపు పేరులో చేరిన 'బైసెక్సువల్' అన్న మాటను 1990లో తొలగించడం తీవ్ర వివాదానికి దారితీసింది. అదే ఏడాది జాన్ క్లాసెన్ అనే లెస్బియన్ రచయిత్రి, తాను ఒక పురుషునితో ప్రేమలో పడిన అనుభవాన్ని 'అవుట్/లుక్' పత్రికలో వ్యాసంగా ప్రచురించారు. బైసెక్సువల్ అన్న పేరును తన అస్తిత్వంగా స్వీకరించడానికి ఆమె సందేహించారు. పాత పేరు తనది కాకుండా పోయిన తరువాత, కొత్త పేరు తన జీవితాన్ని చెప్పలేకపోవడం ఆమె ఎదుర్కొన్న సంకటం.

ఈ సముదాయంలో జెండర్ కూడా ఎన్నడూ ఏకరూపం కాదు. లెస్లీ ఫైన్‌బర్గ్ 1993లో ప్రచురించిన 'స్టోన్ బుచ్ బ్లూస్' నవలలోని జెస్ హార్మోన్లు తీసుకొని కొంతకాలం పురుషునిగా జీవిస్తుంది; తరువాత ఆ మార్గాన్ని విరమిస్తుంది. అటువంటి వ్యక్తిని ప్రేమించే స్త్రీ ఆకర్షణను 'స్త్రీల పట్ల మాత్రమే' అన్న నిర్వచనంలో ఇమడ్చడం కష్టం. అయినా ఆ ప్రేమ లెస్బియన్ చరిత్రలో భాగమే.

వర్ణన – నిబద్ధత

అస్తిత్వవాచకం రెండు పనులు చేస్తుంది. ఒకటి వర్ణన: వ్యక్తి కాంక్షల స్వరూపాన్ని తెలపడం. రెండవది నిబద్ధత: జీవితానికి కేంద్రం ఎక్కడుందో, ఆ వ్యక్తి ఎవరితో నిలబడుతుందో ప్రకటించడం. ఈ రెంటినీ ఒకటిగా భావించడం వల్లనే వివాదం పుడుతోంది. బెంగళూరులో స్థిరపడిన ఒక తెలుగు స్త్రీ కన్నడంలో అనర్గళంగా మాట్లాడవచ్చు, కన్నడ సాహిత్యాన్ని ప్రేమించవచ్చు. అంతమాత్రాన ఆమె తెలుగుతనం అబద్ధం కాదు. అలాగని నాలుగు తెలుగు మాటలు వచ్చిన ప్రతివారూ తెలుగువారు కారు. పేరును నిర్ణయించేది ఇతర అనుబంధాల అభావం కాదు, కేంద్రం.

మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లీసా డయమండ్ దాదాపు 80 మంది స్త్రీలను పదేళ్లపాటు అధ్యయనం చేసి, 2008లో ఫలితాలను గ్రంథంగా ప్రకటించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది ఆ కాలంలో తమ లైంగిక అస్తిత్వవాచకాన్ని ఒక్కసారైనా మార్చుకొన్నారు. జీవితం కదులుతుండగా పేరు దానిని వెన్నంటి రావడానికి ప్రయత్నిస్తుందని దీనివల్ల తెలుస్తుంది.

ప్రతివాదం – పరిశీలన

దీనికి బలమైన ప్రతివాదం ఉంది. పురుషుల పట్ల ఏమాత్రం ఆకర్షణ లేని లెస్బియన్ స్త్రీ, 'సరైన మగవాడు దొరికితే మారతావు' అన్న మాటను జీవితమంతా వింటుంది. ఆమె 'కాదు' అనడానికి ఆధారంగా నిలిచిన పదం విస్తరిస్తే, ఆ నిరాకరణ బలహీనపడదా? ఈ భయాన్ని సంకుచితత్వంగా కొట్టిపారేయడం అన్యాయం. డయమండ్ అధ్యయనాన్ని కూడా ఈ ఒత్తిడికి సాధనంగా వాడుకొనే ప్రమాదముంది. కాని మార్పు సంభవించడం వేరు, ఒకరిని మార్చగలగడం వేరు. ఈ భేదాన్ని డయమండ్ స్వయంగా స్పష్టం చేశారు.

నిశితంగా చూస్తే రెండు అన్యాయాల మూలమూ ఒక్కటే. 'నీవు నిజంగా లెస్బియన్‌వి కావు' అని బహిష్కరించేవారూ, 'నీవూ మారతావు' అని ఒత్తిడి చేసేవారూ ఎదుటి స్త్రీ కాంక్ష ఆమెకన్నా తమకే బాగా తెలుసునని భావిస్తారు. స్వీయ నామకరణ హక్కును గుర్తించే సూత్రం మొదటివారి నుండి ఒకరినీ, రెండవవారి నుండి మరొకరినీ కాపాడుతుంది.

అయితే హక్కు వెంట బాధ్యత కూడా ఉంటుంది. పరిధి విస్తరించినపుడు పదం కొంత స్పష్టతను కోల్పోతుంది. ఆ నష్టాన్ని విస్తృతార్థంలో వాడేవారే భరించడం న్యాయం: తన ఆకర్షణ స్వరూపాన్ని అవసరమైన చోట, ముఖ్యంగా భాగస్వామికి, తెలపాలి, తన అనుభవాన్ని లెస్బియన్లందరికీ ఆరోపించకూడదు. 'బైసెక్సువల్' అన్న పేరును హీనంగా భావించి ఈ పేరును ఆశ్రయించడం కూడా తగదు. ఒక పేరును గౌరవించడానికి మరో పేరును అవమానించనక్కరలేదు.

ముగింపు

తెలుగులో విరివిగా వాడుతున్న 'స్వలింగ సంపర్కం' అన్న మాట చర్యను మాత్రమే పేర్కొంటుంది. ప్రేమకు, నిబద్ధతకు, ఎంచుకొన్న జీవితానికి అందులో చోటు లేదు. పెళ్లి తరచుగా పెద్దల నిర్ణయమైన సమాజంలో భర్త ఉండటం కాంక్షకు సాక్ష్యం కాదు. అందువల్ల లెస్బియన్ అస్తిత్వాన్ని వైవాహిక చరిత్రతోనో, శారీరక చర్యతోనో కొలవడం ఇక్కడ మరింత పొరపాటు. ఒక స్త్రీ తన పేరు చెప్పినపుడు వినేవారి మొదటి కర్తవ్యం దానిని పరీక్షించడం కాదు, ఆ పేరుతో ఆమె ఏమి చెబుతున్నదో ఆలకించడం. ఆమె అవునన్నదానికి ఎంత విలువ ఉందో, కాదన్నదానికీ అంతే విలువ ఉంది.