త్యాగమా, బలియా? లైకా మరణం: ఒక నైతిక విచారణ

అంతరిక్ష విజయాల చరిత్రను చెప్పేటప్పుడు లైకా మరణాన్ని ‘త్యాగం’గా పేర్కొనడం పరిపాటి. ఈ పదప్రయోగం సమంజసమేనా అన్నది ఇక్కడి విచార్యాంశం.

1957 నవంబరు 3న సోవియట్ యూనియన్ స్పుత్నిక్-2లో లైకా అనే కుక్కను కక్ష్యలోకి పంపింది. మాస్కో వీధుల్లో తిరిగిన ఆ జీవిని తిరిగి భూమికి దించే ఏర్పాటు నౌకలో లేదు. అక్టోబరు విప్లవ 40వ వార్షికోత్సవ వేళకు ప్రయోగం జరగాలన్న రాజకీయ సంకల్పం వల్ల నౌకానిర్మాణం హడావుడిగా సాగింది. లైకా కొన్ని రోజులు జీవించిందని చాలాకాలం చెప్పుకున్నారు. అధిక ఉష్ణం వల్ల కొన్ని గంటల్లోనే మరణించిందని 2002లో వెల్లడైంది.

తనదైన దానిని తెలిసి, ఇష్టపూర్వకంగా విడవడం త్యాగం. అందులో కర్త, నష్టభోక్త ఒక్కరే. బలిలో ఇచ్చేవారు వేరు, పోయే ప్రాణం వేరు. 1961 ఏప్రిల్ 12న గగారిన్ అపాయమెరిగి నౌక ఎక్కాడు. లైకాకు ఆ ఎరుక లేదు.

విజ్ఞానానికి ఈ బలి అనివార్యమన్న వాదం ఉంది. కక్ష్యలో జీవి మనగలదని ఈ ప్రయోగం చూపిన మాట నిజమే. కాని 1960 ఆగస్టులో బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలు కక్ష్య నుండి సజీవంగా తిరిగివచ్చాయి. మూడేళ్లైనా ఆగలేని తొందరే లైకా ప్రాణం తీసింది. ఆ కార్యక్రమ శాస్త్రవేత్త ఒలెగ్ గజెన్కో సైతం, ఆ మరణాన్ని సమర్థించేంత జ్ఞానం లభించలేదని 1998లో విచారం వెలిబుచ్చారు.

‘లైకా త్యాగం చేసింది’ అన్న వాక్యం చనిపోయిన జీవినే కర్తను చేస్తుంది. ‘బలైంది’ అన్నా అసలు కర్త కనిపించడు. ‘బలి ఇచ్చారు’ అన్నప్పుడే నిర్ణయించినవారి బాధ్యత వాక్యంలో నిలుస్తుంది. చరిత్ర రచనకు ఆ క్రియే న్యాయమైనది.