నా వంతు పిడికెడు

నా దగ్గరొక లిస్టు ఉంది. పెద్దగా ఎవరూ పట్టించుకోని సైన్స్ ఫిక్షన్ సినిమాలు, టీవీ సీరీస్‌ల లిస్టు. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో హాస్టల్ గోడకి అంటించిన కాయితం మీద మొదలై, ఇప్పుడు ఫోన్‌లో ఒక నోట్‌గా మిగిలింది. ఆఫీసులో ఎవరైనా "ఈ వీకెండ్ ఏం చూడొచ్చు?" అనడిగితే ఉత్సాహంగా పంపిస్తుంటాను. సోమవారం కనుక్కుంటే "మొదలుపెట్టాం గానీ మరీ స్లోగా ఉంది బాసూ" అంటారు. వాళ్ల తప్పేం లేదు. టీవీలో 'ఆదిత్య 369' పదిసార్లు చూసి పెరిగినవాళ్లం. సైన్స్ ఫిక్షన్ అంటే మనకి ఒక యంత్రం, అందులో ప్రయాణం, చివరికి క్షేమంగా ఇంటికి చేరడం. నా లిస్టులో ఉన్నవాళ్లలో చాలామంది ఇంటికి చేరరు.

ఈమధ్య ఆ లిస్టులోంచి మూడు మళ్లీ చూశాను. సరదాకి కాదు. ఒక మనిషి నన్నొక ప్రశ్న అడిగాడు, దానికి జవాబు నా దగ్గర లేదు.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్లది పాలమూరు వైపు. వాళ్ల బావమరిది డెలివరీ బండి నడుపుతాడు, ఇరవై మూడేళ్లుంటాయేమో. ఒకరోజు రాత్రి సెల్లార్‌లో నేను కారు పెడుతుంటే దగ్గరికొచ్చాడు. "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్ గద. నా ఐడీ బంద్ పెట్టిండ్రు. ఎందుకంటే ఎవ్వరు చెప్తలేరు. ఫోన్ జేస్తే సిస్టం చేసిందంటున్రు. ఆ సిస్టం ఎవలన్నా?" అన్నాడు.

తన ఫోన్ తీసి యాప్ చూపించాడు. అది మా కంపెనీ యాప్. స్క్రీన్ మీద కనబడుతున్న ఎర్రక్షరాల మెసేజ్ రాసింది మా టీమ్. ఆ మెసేజ్ ఎప్పుడు రావాలో నిర్ణయించే రూల్ రాసింది నేను.

"కనుక్కుంటాలే తమ్ముడూ" అన్నాను. అంతకు మించి నోరు పెగల్లేదు.

ఆ రూల్ సంగతి చెప్పాలి. కొందరు రైడర్లు ఫోన్‌లో దొంగ లొకేషన్ పెట్టుకుని, ఇంట్లో ఉండి కూడా హోటల్ పక్కనే ఉన్నట్టు చూపిస్తారు. దానివల్ల నష్టం కంపెనీకొక్కటే కాదు, నిజంగా ఆ హోటల్ బయట ఎండలో నిలబడ్డవాడికి రావాల్సిన ఆర్డర్ పోతుంది. అందుకని, వరసగా వచ్చిన రెండు లొకేషన్ల మధ్య దూరాన్ని సమయంతో భాగించి, బండి వెళ్లలేనంత వేగం పదే పదే కనబడితే ఆ ఐడీని ఆపేయమని రాశాను. అన్యాయమైన రూల్ కాదు, ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే చవక ఫోన్‌లో ఛార్జింగ్ మిగుల్చుకోవడానికి బ్యాటరీ సేవర్ పెట్టుకుంటే లొకేషన్ ఆగి ఆగి వస్తుంది. కాసేపు ఒకేచోట ఉన్నట్టుండి, ఒక్కసారిగా మూడు కిలోమీటర్లు గెంతినట్టు కనిపిస్తుంది. మా టేబుల్లో అలాంటివాడు ఒక రో. దొంగ కూడా ఒక రో. ఇద్దరూ ఒకేలా ఉంటారు.

కథలు చెప్పకుండా ఇక్కడినుంచి ముందుకెళ్లలేను. చూడాలనుకునేవాళ్లు చూసొచ్చాకే చదవండి.

మొదటిది 'వరల్డ్ ఆన్ ఎ వైర్'. జర్మన్ దర్శకుడు ఫాస్‌బైండర్ 1973లో టీవీ కోసం రెండు భాగాలుగా తీశాడు. 1964లో డేనియల్ గలూయే రాసిన 'సిమ్యులాక్రాన్-3' నవల దీనికి ఆధారం. 'మేట్రిక్స్' రావడానికి పాతికేళ్ల పైమాటే ముందు, ఒక సంస్థ కంప్యూటర్‌లో ఒక ఊరిని నడుపుతుంటుంది. అందులో వేలమంది ఉంటారు. తాము మనుషులమనే అనుకుంటారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, ఉద్యోగాలకెళ్తారు. బయటివాళ్లు మాత్రం వాళ్లని 'యూనిట్' అంటారు. రేపు జనం ఏం కొంటారు, ఏం కోరుకుంటారు అన్నది వాళ్లని చూసి అంచనా కట్టొచ్చు. ఒక ఉక్కు కంపెనీకి ఆ అంచనాల మీద కన్ను పడుతుంది. ఒక యూనిట్ తట్టుకోలేక ఆత్మహత్యకి ప్రయత్నిస్తే దాన్ని ప్రోగ్రామ్‌లోంచి తీసేస్తారు. ఆ మాట అనేటప్పుడు ఎవరి గొంతులోనూ తేడా ఉండదు. నెలాఖరున లాగ్ ఫైల్స్ డిలీట్ చేసేటప్పుడు మేం ఎలా మాట్లాడుకుంటామో అలాగే ఉంటుంది.

ఆ ప్రాజెక్టు నడిపే స్టిల్లర్‌కి ఆ తీసివేత అన్యాయంగా తోచేది తన ప్రపంచం కూడా ఎవరో పైవాళ్లు నడిపే సిమ్యులేషనేనని అనుమానం మొదలయ్యాకే. తన కాలికి ముల్లు గుచ్చుకుంటే గానీ ముల్లుందని తెలీదు. సినిమా బాగుంది గానీ నాకు ఇక్కడే అసంతృప్తి. కింది యూనిట్ల బాధ అర్థం కావాలంటే నేను కూడా యూనిట్‌నే అని రుజువు కావాలా? సిస్టం నా ఐడీ కూడా ఆపేస్తే తప్ప ఆ కుర్రాడి ప్రశ్న నాది కాదా? లేఆఫ్‌లొచ్చినప్పుడు మా కారిడార్లో అందరం ఒక్కసారిగా కార్మికుల హక్కుల గురించి మాట్లాడాం. మెయిల్ రానివాళ్లం నెల తిరక్కుండా ఆపేశాం కూడా.

రెండోది 'మూన్'. 2009లో డంకన్ జోన్స్ తీసిన మొదటి సినిమా. దాదాపు అంతా శామ్ రాక్‌వెల్ ఒక్కడే కనిపిస్తాడు. చంద్రుడి మీద హీలియం-3 తవ్వే కేంద్రంలో శామ్ బెల్ ఒంటరిగా పనిచేస్తుంటాడు. మూడేళ్ల కాంట్రాక్టు, ఇంకో రెండువారాల్లో ఇంటికెళ్లాలి. ఒక ప్రమాదం జరిగాక తెలుస్తుంది, తనొక నకలని, మూడేళ్లకి శరీరం పాడైపోయేలా తయారుచేశారని, పోగానే ఇంకో శామ్‌ని లేపుతారని. ఇంటి దగ్గర ఎదురుచూస్తోందనుకున్న చంటిపాప అప్పటికే పదిహేనేళ్ల పిల్ల.

ఈ సినిమాలో విలన్ కనబడడు. కంపెనీవాళ్లు వీడియోల్లో నవ్వుతూ మాట్లాడతారు, అంతే. అక్కడ ఉన్నది గెర్టీ అనే యంత్రం ఒక్కటే. ప్రతి కొత్త శామ్‌కీ "నీకు ప్రమాదం జరిగింది" అని అబద్ధం చెప్పింది అదే. అయితే శామ్ సూటిగా అడిగినప్పుడు నిజం కూడా అదే చెబుతుంది. పాస్‌వర్డ్ దొరక్క వాడు తంటాలు పడుతుంటే తనే కొట్టి పెడుతుంది. ఎందుకంటే శామ్‌కి సాయపడటం దాని పని. మొదట్నుంచీ దానికున్న ఉద్యోగం అదే. ఆ ఉద్యోగం పేరు మీదే అన్నాళ్లూ అబద్ధం చెప్పింది, ఆ ఉద్యోగం పేరు మీదే నిజమూ చెప్పింది. "నా డ్యూటీ నేను చేశాను" అనే మాటకి రెండర్థాలుంటాయని నాకు ఒక యంత్రం చెప్పాల్సొచ్చింది. నా జాబ్ డిస్క్రిప్షన్‌లో 'రైడర్లకి మెరుగైన అనుభవం' అనే ముక్క ఉంది. అప్రైజల్ అప్పుడు తప్ప దాన్ని చదివిన పాపాన పోలేదు.

ఇక్కడ మీకొక అభ్యంతరం రావచ్చు. నాకూ వచ్చింది. రూల్ నేను రాశాను సరే, రాయమన్నది ప్రాడక్ట్ మేనేజర్. హద్దు ఎక్కడ పెట్టాలో చెప్పింది డేటా టీమ్. రివ్యూ చేసి సరేనన్నది ఇంకొకరు. సపోర్ట్‌కి మనుషుల్ని తగ్గించింది ఎవరో. బ్యాటరీ సేవర్ పెట్టింది ఫోన్ కంపెనీ. తిలా పాపం తలా పిడికెడు. మనం ఈ సామెత ఎప్పుడు వాడతామో గమనించారా? పంచుకున్నాక ఇక ఎవరినీ అడగక్కర్లేదు అనుకున్నప్పుడు.

డెరెక్ పార్ఫిట్ అనే తత్వవేత్త 1984లో రాసిన 'రీజన్స్ అండ్ పర్సన్స్' పుస్తకంలో దీని మీదే ఒక ఊహ ఉంది. వెయ్యిమంది బాధితులు, వెయ్యిమంది హింసించేవాళ్లు. ఒక్కొక్కడూ ఒక్కో మీట నొక్కుతాడు. దాంతో వెయ్యిమంది బాధితుల్లో ప్రతి ఒక్కరికీ నొప్పి రవ్వంత పెరుగుతుంది, తేడా తెలియనంత కొద్దిగా. "నా ఒక్కడి వల్ల ఎవరికీ ఏమీ కాలేదు" అని ఒక్కొక్కడూ నిజాయితీగానే అనొచ్చు. చివరికి మాత్రం వెయ్యిమందీ భరించలేని నొప్పితో ఉంటారు. పాపం పంచుకుంటే పిడికెడు అయింది చేసేవాడి వైపే. పడేవాడికి మొత్తం బస్తా ఒక్కడి మీదే పడింది. ఆ కుర్రాడికి పదకొండు రోజుల కూలి పోయింది. అందులో నా వాటా ఇంత, ఫోన్ కంపెనీ వాటా ఇంత అని అతను విడగొట్టుకోలేడు.

మూడోది 'స్లీప్ డీలర్'. అలెక్స్ రివేరా సినిమా, 2008లో సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో స్క్రీన్‌ప్లేకి బహుమతి తెచ్చుకుంది. అమెరికా, మెక్సికో మధ్య సరిహద్దు మూసేసి ఉంటుంది. మనుషులు దాటక్కర్లేదు, పని దాటితే చాలు. తిహువానాలోని ఫ్యాక్టరీల్లో కూలీలు ఒంట్లో గుచ్చుకున్న కేబుళ్లతో అమెరికాలోని రోబోలని నడుపుతుంటారు. కూలీ ఎండకి కమిలిన మొహం వాళ్లకక్కర్లేదు, చేతులు చాలు. రాత్రి తొమ్మిదిన్నరకి కాల్‌లో కూర్చుని పొద్దున్న మూడింటికి లేచే మనకి ఇది మరీ కొత్తగా ఏం అనిపించదు.

అయితే ఈ సినిమాలో నా మనిషి మేమో అనే ఆ కూలీ కాదు, రూడీ. శాన్ డియేగోలో కూర్చుని డ్రోన్ నడిపే సైనికుడు. మెక్సికో పల్లెలో ఒక నీళ్ల కంపెనీ ఆనకట్ట కాపలా కోసం, ఉగ్రవాది అని చెప్పిన ఇంటి మీద క్షిపణి వేస్తాడు. ఆ ఇల్లు మేమోది, చనిపోయింది వాళ్ల నాన్న. రూడీకి ఆ ముసలాయన మొహం స్క్రీన్ మీద కనబడుతుంది. తటపటాయిస్తాడు. అయినా కొడతాడు. తర్వాత నిద్రపట్టక, జ్ఞాపకాలు అమ్మే ఒక సైట్‌లో ఆ ఊరి కుర్రాడి జ్ఞాపకాలు దొరికితే కొంటాడు. వాటిని అమ్మే అమ్మాయి మేమోకి స్నేహితురాలు. అతనికి తెలియకుండానే అతని బతుకుని ముక్కలు ముక్కలుగా అమ్ముతుంటుంది.

మొదటిసారి చూసినప్పుడు రూడీ మంచివాడనిపించింది, చంపినవాడి గురించి తెలుసుకోవాలనుకున్నాడు కదా అని. ఈసారి చూస్తుంటే సిగ్గేసింది. ఎందుకంటే సెల్లార్‌లో ఆ మాటలు జరిగిన రాత్రి నేనూ అదే చేశాను. ఇంటికెళ్లి, ల్యాప్‌టాప్ తీసి, డేటాబేస్‌లో అతని రికార్డు తెరిచాను. రోజుకి పదకొండు గంటలు తిరిగాడు. మధ్యాహ్నాలు ఒక ఫ్లైఓవర్ కింద నలభై నిమిషాలు ఆగేవాడు, అక్కడే తినేవాడేమో. ఆదివారాలు కూడా సెలవు లేదు. అన్నీ చూశాను, గుండె బరువెక్కింది. నా మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగింది. కానీ అతన్ని ఏమీ అడగలేదు. అతని జీవితాన్ని అతనికి చెప్పకుండా ఇంకోసారి వాడుకున్నాను, ఈసారి నా మనశ్శాంతి కోసం.

కంటికి కనబడకపోవడమే సమస్య, కనబడితే మనం మంచిగా ఉంటాం అని చాలాకాలం నమ్మాను. రూడీకి మొహం కనబడింది, అయినా కొట్టాడు. నాకు ఫ్లైఓవర్ కనబడింది, అయినా ల్యాప్‌టాప్ మూసి పడుకున్నాను. చూడటం ఒక్కటే చాలదు. రూడీ మారింది జ్ఞాపకాలు కొన్నప్పుడు కాదు, సరిహద్దు దాటి వచ్చి మేమో ఎదుట నిలబడి "అది నేనే" అన్నప్పుడు. ఆ తర్వాత వాళ్లు కలిసి ఆనకట్టని పేల్చేస్తారు. ఆ భాగం సినిమాకే బాగుంటుంది. నాకు ఈఎమ్ఐ ఉంది, పైగా నా రూల్ పేల్చేస్తే హోటల్ బయట ఎండలో నిలబడ్డవాడికి మళ్లీ అన్యాయం. కానీ మొదటి భాగానికి ఏ అడ్డూ లేదు.

నేను చేసింది చెబుతాను. మర్నాడు లోపల టికెట్ వేసి ఐడీ తెరిపించాను. అతను మిఠాయి పొట్లం పట్టుకుని పైకొచ్చాడు. "నీ దయ అన్నా" అన్నాడు. నేను తీసుకున్నాను. నా చేత్తో లాక్కున్నది నా చేత్తోనే తిరిగిచ్చి, దయ అనిపించుకున్నాను. ఆ పొట్లం మూడు రోజులు ఫ్రిజ్‌లోనే ఉంది.

తర్వాత రెండు మార్పులు ప్రతిపాదించాను. బ్యాటరీ సేవర్ ఉంటే ఆ గెంతుల్ని లెక్కలోకి తీసుకోవద్దు, ఇది ఒప్పుకున్నారు. ఐడీ ఆపేముందు ఒక మనిషి ఫోన్ చేసి అడగాలి, ఇది ఖర్చని పక్కనపెట్టారు. ప్రతి ప్లానింగ్ మీటింగ్‌లో మళ్లీ ఎత్తుతున్నాను. ఎత్తగానే కొందరు కెమెరా ఆఫ్ చేస్తారు.

మొన్న ఆదివారం సినిమా అయ్యాక కిందికెళ్లాను. అతను బండి తుడుచుకుంటున్నాడు. "తమ్ముడూ, ఆరోజు అడిగావు కదా సిస్టం ఎవరని. ఆ రూల్ రాసింది నేనే" అన్నాను. గొంతు వణికింది. తిడతాడనుకున్నాను, లేదా క్షమిస్తాడనుకున్నాను. రెండిటికీ సిద్ధపడే వెళ్లాను.

అతను గుడ్డ పిండుకుంటూ ఒక నిమిషం నా వైపు చూశాడు. "అట్లనా అన్నా" అన్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. "అట్లయితె మా దోస్తుగాళ్లయి ఇంకో నాలుగు ఐడీలు బంద్ ఉన్నయి. నంబర్లు పంపిస్త, జర చూడు."