విశ్వాసం, ధ్రువపత్రం: ఇద్దరు బిషప్పులు, ఒక బొగ్గు సీమ

మనిషి ఏ దేవుణ్ణి కొలుస్తాడన్నది అతడి అంతఃకరణకు సంబంధించిన విషయమైతే, దాన్ని ఓటర్ల జాబితాలోనో కుల ధ్రువీకరణ పత్రంలోనో నమోదు చేసి, ఆ నమోదును బట్టి సీట్లూ కొలువులూ పంచే అధికారం రాజ్యానికి ఎక్కడిది అన్న ప్రశ్న పాతదే అయినా, రామగుండం, గోదావరిఖని మొదలుకొని ఇల్లెందు, కొత్తగూడెం దాకా పరుచుకున్న సింగరేణి బొగ్గు గనుల సీమలో అది నేటికీ తెగలేదు. ఈ ప్రశ్న మీదనే రెండు శతాబ్దాల ఎడంతో ఇద్దరు బిషప్పులు వివాదంలో చిక్కుకున్నారు. బిషప్ అంటే ఒక ప్రాంతంలోని చర్చిలకూ పాదిరులకూ పెద్దగా ఉండే మతాధికారి. ఆయన ఏలుబడిలోని ప్రాంతాన్ని డయాసిస్ అంటారు.

మొదటివాడు ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ హోడ్లీ (1676–1761). వేల్స్‌లోని బాంగర్‌కు బిషప్‌గా ఉన్న ఆయన 1717 మార్చి 31న మొదటి జార్జి రాజు ఎదుట ఒక ప్రసంగం చేశాడు. క్రీస్తు రాజ్యం ఈ లోకానికి చెందినది కాదు గనుక, ఆయన పేరిట శాసనాలు చేసి మనస్సాక్షిని శిక్షించే అధికారం ఏ మతాధికారికీ లేదనీ, దేవుడు చూసేది మనిషి చిత్తశుద్ధినే అనీ ఆయన వాదం. 1689లో కొత్త రాజదంపతులకు విధేయతా ప్రమాణం చేయడానికి నిరాకరించి పదవులు పోగొట్టుకున్న పాదిరులు తమదే అసలైన చర్చి అని అంటున్న రోజులవి. వారిని ఖండించబోయిన హోడ్లీ వాదం చర్చి పునాదినే తాకింది. చిత్తశుద్ధి ఒక్కటే చాలునంటే బాప్తిస్మానికీ గురుపరంపరకూ అర్థమేముందని విలియం లా నిలదీశాడు; లా కూడా తరువాతి కాలంలో అలాంటి ప్రమాణాన్నే నిరాకరించి కేంబ్రిడ్జి కొలువు వదులుకున్నవాడే. కరపత్రాలు వెల్లువెత్తాయి. కాన్వొకేషన్, అంటే పాదిరుల ప్రతినిధి సభ, హోడ్లీపై చర్యకు పూనుకోగా, రాజు ఆ సభనే వాయిదా వేయించాడు. 1850ల వరకూ ఆ సభ తిరిగి సక్రమంగా పనిచేయలేదు.

హోడ్లీ వాదంలో ఈనాటికీ పనికొచ్చే భాగం టెస్ట్ చట్టానికి సంబంధించినది. 1673 నాటి ఆ చట్టం ప్రకారం సర్కారీ పదవి చేపట్టేవాడు ఇంగ్లండు చర్చిలో ప్రభురాత్రి భోజనం, అంటే క్రీస్తు జ్ఞాపకార్థం ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం, పుచ్చుకున్నట్టు పాదిరి సంతకంతో ధ్రువపత్రం తేవాల్సి ఉండేది. పవిత్ర సంస్కారాన్ని కొలువుకు అర్హతగా మార్చడం మతానికీ పౌరహక్కుకూ కూడా అపచారమని హోడ్లీ గట్టిగా రాశాడు. ఆ మాట సత్యమే. అయితే చర్చి చేతిలోంచి ఆయన తీసేసిన అధికారం ప్రజలకు చేరలేదు, రాజు చేతికి చేరింది. ఆయనను వ్యతిరేకించిన స్నేప్, షెర్లాక్ రాజాస్థాన పాదిరి పదవులు పోగొట్టుకోగా, ఆయన మాత్రం హెర్ఫర్డ్, సాలిస్‌బరీ, చివరికి సంపన్నమైన వించెస్టర్ దాకా ఎదిగాడు. త్యాగం లేని చోట సత్యం కూడా పలచబడుతుందన్న అనుమానం అందుకే ఆయన పేరును విడిచిపెట్టలేదు.

రెండో బిషప్ కథ బొగ్గు దారిలోనే నడుస్తుంది. 1871లో ఇల్లెందు ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ బొగ్గును కనుగొన్న తరువాత, ఆ బొగ్గును తరలించడానికి వేసిన రైలు మార్గం ప్రధాన మార్గంలో కలిసే కూడలి డోర్నకల్. నిజాం రాజ్యంలోని ఆ ఊరికి 1909లో మిషనరీగా వచ్చిన తమిళుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ చర్చిలో, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయానికి చెందిన చర్చిలో, తొలి భారతీయ బిషప్ అయ్యారు. తెల్లదొరల కింద పనిచేసే నల్లపాదిరి అన్న అలవాటును తలకిందులు చేసిన ఘట్టమది. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి ఎపిఫనీ కెథీడ్రల్‌ను చూస్తే ఆయన మనసు అర్థమవుతుంది: మసీదును తలపించే గుమ్మటాలు, గుడి మండపంలో లాంటి రాతి స్తంభాలు, వాటి నడుమ మాల, మాదిగ పల్లెల నుంచి నడిచివచ్చిన కుటుంబాలు. దేవుడు పరాయి వేషంలో రానక్కరలేదని ఆ రాళ్లు చెబుతాయి.

రాజకీయ వివాదం 1930లలో వచ్చింది. ప్రత్యేక నియోజకవర్గం అంటే ఒక మతంవారో వర్గంవారో వేరే ఓటర్ల జాబితాతో తమ ప్రతినిధిని తామే ఎన్నుకునే పద్ధతి. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం దీన్ని భారతీయ క్రైస్తవులకూ ప్రకటించినప్పుడు, అజరయ్య తన వారికి దక్కుతున్న సీట్లనే వ్యతిరేకించారు. క్రైస్తవులు రాజకీయ తెగగా మారితే, చర్చిలో చేరే ప్రతి మనిషీ ఒక ఓటుగా, ప్రతి బాప్తిస్మమూ సంఖ్యాబలంగా కనిపిస్తుందని ఆయన భయం. హోడ్లీకి లేని త్యాగం ఇక్కడ ఉంది. ఈ విషయంలో గాంధీజీ ఆలోచన కూడా ఆయన ఆలోచనకు దూరం కాదు. అణగారిన వర్గాల ప్రత్యేక నియోజకవర్గాలకు వ్యతిరేకంగా గాంధీజీ అదే ఏడాది ఎరవాడ జైలులో నిరాహారదీక్ష పట్టారు. అయినా మతమార్పిడి దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా నిలిచారు. తెలుగు పల్లెల సామూహిక మార్పిడులపై గాంధీజీ 1936లో ‘హరిజన్’ పత్రికలో విమర్శలు చేశారు; పేదవాడికి కూడా తన దేవుణ్ణి ఎంచుకునే బుద్ధీ హక్కూ ఉన్నాయన్నది అజరయ్య పక్షం. ఈ ఒక్క విషయంలో న్యాయం అజరయ్య వైపే ఉందనక తప్పదు, ఎందుకంటే మాదిగ పల్లెలో మనిషికి ఆత్మవిచారణ చేతకాదన్న ఊహ ఎంత ప్రేమతో చెప్పినా అవమానమే.

అజరయ్య భయపడినదే జరిగింది. వేరు జాబితాలు 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలోకి ఎక్కాయి. 1936లో వెలువడిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఏ భారతీయ క్రైస్తవుడినీ షెడ్యూల్డ్ కులస్థుడిగా ఎంచరాదంది. ఒక పట్టీలో పేరు ఎక్కడమంటే మరో పట్టీలో కొట్టివేత అన్నమాట. స్వతంత్ర భారతంలో వేరు జాబితాలు పోయినా ఆ గోడ నిలిచింది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే పరిమితం కాగా, 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ తలుపు తెరిచారు, క్రైస్తవులకూ ముస్లిములకూ తెరవలేదు. క్రైస్తవం పుచ్చుకున్న దళితులకు తెలుగు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్ మాత్రం మిగిలింది. క్రైస్తవుడైన కోయకు ఎస్టీ హోదా పోదు, క్రైస్తవుడైన మాదిగకు ఎస్సీ హోదా పోతుంది. ఈ పరిమితిని తొలగించాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో ఇదే విషయంపై బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు.

ఇందులో చర్చి బాధ్యతను దాటవేయరాదు. క్రీస్తులో కులం లేదని అజరయ్య బోధించారు, ఒకే గిన్నెలోంచి మాలకూ మాదిగకూ ద్రాక్షారసం అందేలా చూడటమే ఆ బోధకు పరీక్ష అయింది. ఆ బోధ ఒక గమ్యమే గానీ, అప్పటికి కళ్లెదుట ఉన్న వాస్తవం కాదు. పెళ్లి సంబంధాల దగ్గరా, కొన్నిచోట్ల శ్మశానం దగ్గరా కులం చర్చిలో బతికే ఉంది. క్రైస్తవంలో కులం లేదు గనుక క్రైస్తవుడికి ఎస్సీ హోదా అక్కరలేదని చట్టాన్ని సమర్థించేవారు వాదించినప్పుడు, చర్చి ఆశించినదాన్ని జరిగిపోయినట్టు లెక్కగట్టి ఆ భారాన్ని పేదవాడి మీద మోపడమే అయింది. సీటు వద్దన్నది బిషప్. పత్రం పోగొట్టుకున్నది గుడిసెలోని మనిషి. అజరయ్య నిర్ణయాన్ని గౌరవించేవారు కూడా ఈ లెక్క నుంచి తప్పించుకోలేరు.

గోదావరిఖని కాలనీల్లో ఈ లెక్క ఆదివారం నాడు దగ్గరగా కనిపిస్తుంది. సింగరేణిలో వారపు సెలవును ‘ప్లే డే’ అంటారు, ఆ రోజు బాయిలో, అంటే గనిలో, దిగినవాడికి రెట్టింపు కూలి. బాయి మీది మైసమ్మకు దండం పెట్టుకుని తోటి కార్మికుడు ప్లే డే షిఫ్టుకు దిగుతుంటే, ధ్రువపత్రంలో హిందువుగా నమోదైన మరో కార్మికుడు తెల్లచొక్కా వేసుకుని, పిల్లలను వెంటబెట్టుకుని చర్చి ఆరాధనకు వెళతాడు. ఆ రెట్టింపు కూలిని అతడు ఏ చట్టమూ అడగకుండానే వదులుకుంటాడు; ఆ ఆదివారం అతడికి మస్టరు, అంటే హాజరు, పడదు.