పైన పొడి, లోపల తడి

మనుబోలు నుండి నెల్లూరు వెళ్ళే దారిలో, కాకుటూరు వద్ద విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. మన పిల్లలు అలాంటి చోట ఎంబీఏ చదవాలని మనం ఆశపడుతున్నాము. ఆ చదువుల్లో నేడు వ్యాపార నీతి, సామాజిక బాధ్యత కూడా పాఠాలే. సంతోషం! కాని పాఠం ఒక్కటే చాలుతుందా?

హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ 2008లో ఉత్తమ పాలనకు అవార్డు అందుకుంది. దాని డైరెక్టర్లలో బిజినెస్ స్కూలు ఆచార్యులు సైతం ఉండేవారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ రాసి, లెక్కల్లో చూపిన 5 వేల కోట్లకు పైగా సొమ్ము అసలు లేనేలేదని ఒప్పుకున్నారు. చిన్న తేడాగా మొదలై ఏటేటా పెరిగిందన్నారు.

ఒకసారి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చారు. వేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందన్నాడు వర్తకుడు. జనానికి కనబడేలా దాన్ని పైనే ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవానితో తమకు సంబంధం లేదని హెచ్చరించారు.

సోదర సోదరీమణులారా! ధాన్యం తడవడం వర్తకుని తప్పు కాదు. తడిని దాచడమే తప్పు. సత్యం లెక్కల్లోనూ జరిగింది ఇదే.

తూకంలో తగ్గించేవారికి వినాశం తప్పదని ముతఫ్ఫిఫీన్ సూరా ఆరంభంలోనే హెచ్చరిక ఉంది. సెలవులకు వచ్చిన బిడ్డ మన అంగట్లో త్రాసు పట్టినప్పుడు మననుండి ఏమి నేర్చుకుంటున్నాడు? విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టేది ఆ తర్వాతే. అంతిమ లెక్క మాత్రం అల్లాహ్ సన్నిధిలో!