ఈ కింది గద్యం చదివి...

పరీక్ష హాల్లో కులం లేదంటారు. ఒకరకంగా నిజమే. హాల్ టికెట్ మీద నంబరు, బల్ల మీద నంబరు. ఊళ్లో ఎవరి అరుగు మీదా కూసోలేని పిల్లోడు కూడా ఆ కాసేపు నంబరు ప్రకారం ఎవరి పక్కన పడితే వాళ్ల పక్కన కూసుంటాడు. పేపరు దిద్దే పంతులుకి వాడు మాలోడో మాదిగోడో తెలీదు. మా బతుకుల్లో మమ్మల్ని కులం అడగని చోట్లు బహు తక్కువ. అందులో ఇదొకటి. అందుకే పరీక్షంటే నాకు గౌరవం.

బెల్లు కొట్టినాక సంగతి వేరు. గేటు దాటంగానే నంబర్లన్నీ మళ్లీ పేర్లయిపోతాయి. చెట్ల కింద గుంపులు గుంపులుగా చేరతారు. క్వశ్చన్ పేపర్లు తీసి "నువ్వేం రాశావురా?" అని సరిచూసుకుంటారు. చూసేదానికి ఇది పిల్లకాయల ముచ్చట. కానీ ఎవరి జవాబు నిలబడుద్దో, ఎవరిది పడిపోద్దో అక్కడ తేలిపోద్ది. అది తేల్చేది పుస్తకం కాదు.

మాది యర్రగొండపాలెం దగ్గర పల్లె. పల్లె అంటే సినిమాల్లో చూపించే పల్లె కాదు, మాదిగపల్లె. మేం పదో తరగతి పరీక్షలు రాసింది 1980ల చివర్లో. మార్చి నెలంటే మిరపకాయ కోతల కాలం. మా అమ్మా నాయనా గుంటూరు వైపు కోతలకి పోయినారు. ఇంట్లో నేనూ మా అవ్వా. పొద్దున్నే ఇంత సద్ది తాగి పరీక్షకి పోయేవాణ్ణి. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దుకున్నోళ్లమే గానీ గైడు కొనే తాహతు మాకు లేదు. ఊళ్లో పిల్లలకి గైడ్లుండేవి, ట్యూషన్లుండేవి, అడిగితే చెప్పేదానికి ఇంట్లో చదువుకున్నోళ్లుండేవాళ్లు.

తెలుగు పేపర్లో ఎప్పుడూ ఉండేదే, ఈ కింది గద్యం చదివి జవాబులు రాయమని. ఆ ఏడు చెరువు మీద వచ్చింది. ఊరికి చెరువు తల్లిలాంటిదనీ, ఊరివారంతా దాని నీళ్లు తాగి చల్లగా ఉన్నారనీ దాని సారాంశం. ఆ గ్రామంలో అందరికీ తాగునీరు దొరుకుతున్నదా అని ఒక ప్రశ్న. అవును, ఊరివారందరికీ దొరుకుతున్నది అని రాయాలి. మా పల్లె పిల్లోడు, నా జతగాడు, ఇట్టా రాశాడు: "ఊరివారికి దొరుకుతున్నది. పల్లెవారి సంగతి గద్యంలో లేదు."

చెట్టు కింద ఆ మాట చెప్పంగానే నవ్వులు. "ఊరోళ్లంటే అందరూ కాదంట్రా? మీరు ఊరోళ్లు కాదా?" అన్నాడొకడు. వాళ్ల గడప మేం దాటి ఎరగం. వాళ్ల బావిలో చేద వేసి ఎరగం. మావోడు నోరు మెదపలా. కాసేపాగి "సర్లే, పోయిందిలే ఒక మార్కు" అన్నాడు.

పోయిందా? న్యాయంగా మాట్లాడుకుందాం. చదివి రాసే పరీక్షలో కాగితం మీద ఏముందో అది రాయాలి. ప్రతివాడూ తన సొంత గోడు రాసుకుంటే ఇంక చదవడం ఎందుకు? ఈ వాదన సరైందే. నేను ఒప్పుకుంటా. కానీ మావోడు సొంత గోడు రాయలా. గద్యంలో ఉన్నంతవరకే రాశాడు, లేనిదాన్ని లేదన్నాడు. చదవడమంటే అంతకంటే ఏముంది? "ఊరివారు" అనే మాటకి మా ఇళ్లల్లో ఒకటే అర్థం. మేం ఇల్లు కదిలితే "ఊళ్లోకి పోయొస్తా" అంటాం. ఊళ్లో ఉన్నోడు ఊళ్లోకి ఎట్టా పోతాడు? ప్రశ్న రాసినాయన భాషలో ఊరంటే అందరూ. ఆయన కావాలని అబద్ధం రాసి ఉండడు. రాసేటప్పుడు మేం ఆయనకి గుర్తురాలా, అంతే. ఆయన మర్చిపోయినదాన్ని మా పిల్లోడు గుర్తు చేస్తే ఎవరికి మార్కు తగ్గాల?

ఇది ఒక మార్కు గొడవ కాదు. మహారాష్ట్రలో మహద్ పురపాలక సంఘం 1924లోనే చౌదార్ చెరువు అందరిదీ అని తీర్మానం రాసింది. కాగితం మీద "అందరూ" అని ఉంది. అయినా అంటరానోళ్లు ఒక్క దోసెడు నీళ్లు ముంచుకోలేకపోయినారు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్లు తాగాల్సొచ్చింది. తాగినందుకు వాళ్లని కొట్టారు. తరవాత చెరువుకి శుద్ధి చేసుకున్నారు. ఆ చెరువు మీద హక్కు బొంబాయి హైకోర్టులో ఖాయమయ్యేసరికి 1937 వచ్చింది. ఒక్క "అందరూ" అనే మాట నిజం కావడానికి పదమూడేళ్లు.

అంత దూరం ఎందుకు? మేం ఆ పరీక్ష రాయడానికి కొన్నేళ్ల ముందే, 1985 జూలైలో, అప్పటికి మా ప్రకాశం జిల్లాలోనే ఉన్న కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు కాడే. గేదెల కుడితి నీళ్లు చెరువులో కలుస్తున్నాయని మాదిగపల్లె వాళ్లు అడిగారు. 17వ తేదీన పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ వార్త విని పెరిగిన పిల్లోడికి "ఊరివారంతా" అనే మాట దగ్గర కలం ఆగిందంటే ఆశ్చర్యమేముంది?

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ నవ్వు కాదు. "పోయిందిలే" అనే మాట. రెండు జవాబులు తేడా వస్తే తప్పు మనదే అయి ఉంటుందని ముందే తీర్మానించుకోవడం. ఇది పుట్టుకతో రాదు, నేర్పితే వస్తుంది. పెద్దోళ్లు ఎదురొస్తే పక్కకి తప్పుకున్నట్టే జవాబులో కూడా తప్పుకుంటాం.

2012లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ఎనిమిదో తరగతి చదువు పరీక్షలో ఒక అనాసపండు కుందేలుతో పందెం వేసుకున్న కథ ఇచ్చారు. పిల్లలు బయటికొచ్చి జవాబులు సరిచూసుకుంటే ఒకరిది ఒకరికి కలవలా. వాళ్లు "పోయిందిలే" అనలేదు. ప్రశ్నే అర్థం లేనిదన్నారు. పత్రికలకెక్కింది. ఆ ప్రశ్నల్ని లెక్కలోంచి తీసేశారు. ప్రశ్న కూడా తప్పు కావచ్చని అనుకునే ధైర్యం ఆ పిల్లలకుంది. మా పిల్లలకి అది ఎవరిస్తారు? ఇక్కడ మార్కులు మళ్లీ లెక్కపెట్టించుకోవాలన్నా డబ్బు కట్టాల. కూలోళ్ల ఇంట్లో ఆ డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది?

ఇప్పుడు నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నా. మా పిల్లలకి ఒకటే చెప్తా. జవాబులు తేడా వస్తే తల దించొద్దు. "ఏ వాక్యంలో ఉంది, చూపించు" అని అడగండి. గైడులో ఉందంటే చాలదు, మా నాన్న చెప్పాడంటే చాలదు. గద్యంలో వేలు పెట్టి చూపించాల. ఈ నియమం మనకీ వర్తిస్తుంది. ఎదుటోడు చూపిస్తే ఒప్పుకోవాల్సిందే, కులం పేరు చెప్పి తప్పు జవాబుని నిలబెట్టుకోకూడదు. అయితే గద్యాన్ని అర్థం చేసుకోవడం వేరు, గద్యాన్ని నమ్మడం వేరు. ఏముందో రాసొచ్చినాక, ఎవరు లేరో కూడా చూడండి.

2009 ఎన్నికల నుంచి యర్రగొండపాలెం అసెంబ్లీ సీటు ఎస్సీలకి రిజర్వు. చట్టసభలో ప్రశ్న అడిగేదానికి ఒక కుర్చీ దొరికింది. మంచిదే. చెట్టు కింద అడిగే నోరు కూడా కావాల. తప్పయితే ఒప్పుకుందాం. అడక్కుండా మాత్రం ఒప్పుకోవద్దు.